గైడ్‌కి తీరిక లేనప్పుడు రికమెండేషన్ లెటర్: ఒక కేసు మొత్తం

2023 అక్టోబర్ చివర్లో, దసరా సెలవులు అయిపోయి కాలేజీలు తెరిచిన రోజుల్లో నా దగ్గరికి వచ్చిన కేసు ఇది. ఆ అమ్మాయి బీటెక్ మా కాలేజీలోనే చదివింది, ఎంటెక్ వేరే యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చేసింది, అప్పుడు అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది. మా కాలేజీలో హయ్యర్ స్టడీస్ సెల్ నేనే చూస్తాను కాబట్టి పాత విద్యార్థులు కూడా ఇలాంటి పనులకి నా దగ్గరికే వస్తారు. ఆమెని, ఆమె గైడ్‌ని ఇద్దర్నీ అడిగి, వాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను. పేర్లు, కాలేజీ, అప్లై చేసిన యూనివర్సిటీలు మాత్రం రాయను.

మూడు లెటర్లు కావాలి. అందులో అసలు బరువున్నది థీసిస్ గైడ్ ఇచ్చేది. ఆయనే హెచ్‌ఓడీ, ఆ ఏడాది నాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే జాతీయ సంస్థ) ఫైళ్ల పని ఆయన మీదే పడింది, పైగా ఇద్దరు స్కాలర్ల వైవాలు దగ్గరపడ్డాయి, మిడ్ మార్కుల అప్‌లోడ్ సరేసరి. దానికి తోడు నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్, డిసెంబర్ 3న కౌంటింగ్, ఆ వారమంతా ఏ క్యాంపస్‌లోనూ పని మామూలుగా సాగదు. ఈ అమ్మాయి మొదటి డెడ్‌లైన్ సరిగ్గా డిసెంబర్ 1. మిగతావన్నీ డిసెంబర్ 15.

ఆమె అప్పటికే ఒకసారి వెళ్లి అడిగింది. ఆయన చెప్పిన మాట మనందరికీ తెలిసిందే: "తప్పకుండా ఇస్తానమ్మా, డ్రాఫ్ట్ నువ్వే రాసుకుని తీసుకురా, చూసి సంతకం పెడతా." ఆయన ప్రేమగానే అన్నారు. మన దగ్గర చాలామంది గైడ్లు అలాగే అంటారు, వాళ్ల గైడ్లు వాళ్లతో అన్నదీ అదే. ఆ అమ్మాయి ఒక కన్సల్టెన్సీ ఇచ్చిన టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసి, అందులో పేరు మార్చి, సబ్జెక్టు మార్చి, నాకు చూపించింది. "ఇట్ గివ్స్ మీ ఇమ్మెన్స్ ప్లెజర్ టు రికమెండ్" అని మొదలై "సిన్సియర్, ఒబీడియెంట్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్" మీదుగా "ఐ విష్ హర్ ఆల్ ద బెస్ట్" దగ్గర ఆగింది. "మేడమ్, గ్రామర్ ఒక్కసారి చూడండి చాలు" అంది.

గ్రామర్ బాగానే ఉంది. ఆ లెటర్లో ఆ అమ్మాయి లేదు, ఆ గైడ్ కూడా లేడు, అదీ సమస్య.

పెళ్లి సంబంధం గురించి ఎవరినైనా ఆరా తీసినప్పుడు "మంచి అబ్బాయండీ, నెమ్మదస్తుడు" అని చెప్తే మనకి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. అదే ఆ వీధిలో ఇరవై ఏళ్లు ఉన్నాయన "వాళ్ల నాన్న పోయాక ఇంటి అప్పు మొత్తం వీడే తీర్చాడు, చెల్లెలి చదువు ఆగనివ్వలేదు" అంటే ఇంకో మాట అడగక్కర్లేదు. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్ పరిస్థితి కూడా అదే. ఎదురుగా ఉన్న వందల అప్లికేషన్లలో ప్రతి లెటరూ పొగుడుతూనే ఉంటుంది. ఏదైనా ఒక సంఘటన, దగ్గరుండి చూసినవాళ్లు మాత్రమే చెప్పగలిగినది, కనిపిస్తే అక్కడ కళ్లు ఆగుతాయి.

"ఒబీడియెంట్" గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ విశేషణాలన్నీ మన కాండక్ట్ సర్టిఫికెట్ నుంచి వచ్చినవి. స్కూలు వదిలేటప్పుడు ఆ కాగితం మీద అవి సరిపోతాయేమో, పరిశోధన చేయడానికి వెళ్లే మనిషి గురించి "చెప్పిన మాట వింటుంది" అని రాస్తే అది మెచ్చుకోలుగా చేరదు. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. 2009లో హువాన్ మదేరా, మిషెల్ హెబ్ల్, ర్యాండీ మార్టిన్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో అధ్యాపక ఉద్యోగాలకి వచ్చిన రికమెండేషన్ లెటర్లు తీసి చూశారు. ఆడవాళ్ల గురించి రాసిన వాటిలో కలుపుగోలుతనం, సాయపడే గుణం, ఆప్యాయత లాంటి మాటలు ఎక్కువగా ఉన్నాయి, అలాంటి మాటలు ఎక్కువున్న లెటర్లకి ఉద్యోగానికి తగినవాళ్లు అన్న రేటింగ్ తక్కువ పడింది. రాసినవాళ్లు చెడు తలపెట్టి రాసినవి కావు అవి. ఈ గైడ్ కూడా ఫోన్లో నాతో మొదట అన్నది "చాలా ఒద్దికైన పిల్లండీ" అనే. ఆ ఒద్దికైన పిల్ల ల్యాబ్‌లో ఏం చేసిందో ఆయనకి అప్పటికి గుర్తు లేదు.

నా అనుభవంలో ఈ కేసుల్లో అసలు జబ్బు ఇదే. గైడ్‌కి టైం లేదు అని అందరం అంటాం, నిజమే, కానీ ఎదురుగా ఖాళీ పేజీ పెట్టుకున్నాక రాయడానికి ఆయనకి గుర్తున్నది రెండు లైన్లే ఉంటే, రెండు గంటల టైం ఇచ్చినా రెండు లైన్లే వస్తాయి. థీసిస్ సబ్మిట్ చేసి ఏడాది దాటింది, మధ్యలో ఇంకో బ్యాచ్ వచ్చి వెళ్లింది, ఆయన తలలో ఈ అమ్మాయి ఒక పేరు, ఒక మొహం, "ఫ్లోరైడ్ మీద చేసింది" అన్న ఒక్క మాట. కాబట్టి ఆయనకి వాక్యాలు రాసివ్వడం మన పని కాదు, ఆయన చూసినవాటినే ఆయనకి గుర్తు చేయడం మన పని. అభిప్రాయం మాత్రం ఆయనది, మాటలూ ఆయనవే కావాలి.

డ్రాఫ్ట్ ఎందుకు రాయొద్దన్నానో కూడా చెప్తాను. యూనివర్సిటీ మెయిల్‌లో పంపిన లింక్ తెరిచి పోర్టల్‌లో లెటర్ పెట్టేటప్పుడు చాలా చోట్ల ఇది నేనే రాశాను, నేనే ఇస్తున్నాను అని రికమెండర్, అంటే లెటర్ ఇచ్చే మనిషి, ధ్రువీకరించాలి. విద్యార్థి రాసిన దానికి ఆయన ఆ టిక్ పెడితే ఇద్దరూ ఇరుక్కుంటారు. అది పక్కనపెట్టినా, ముగ్గురు సార్లూ డ్రాఫ్ట్ అడిగితే మూడు లెటర్లూ ఒకే చెయ్యి రాసినట్టు ఉంటాయి, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో విద్యార్థి తన గురించి రాసే వ్యాసం) కూడా అదే చెయ్యి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అయితే మూడింటికి మూడూ ఒకే యంత్రం నుంచి వచ్చి నున్నగా ఉంటున్నాయి. ఇంక గైడ్ పేరుతో ఒక జీమెయిల్ సృష్టించి, లింక్ తనకే తెప్పించుకుని, తనే అప్‌లోడ్ చేసుకోవడం అనే పని కూడా కొంతమంది చేస్తున్నారు. అది ఫోర్జరీ, వేరే పేరు లేదు. సీటు వచ్చాక బయటపడినా సీటు పోతుంది, చదువు మధ్యలో బయటపడినా అంతే.

గుర్తుల కాగితం

నేను దీన్ని గుర్తుల కాగితం అంటాను. ఏ4 కాగితం, ఒక వైపు మాత్రమే. ఆ అమ్మాయి చేత రాయించడానికి వారం పట్టింది, ఎందుకంటే మొదటిసారి రాసుకొచ్చిన దాంట్లో మళ్లీ "నాకు పరిశోధన అంటే చాలా ఆసక్తి" లాంటి వాక్యాలే ఉన్నాయి. ల్యాబ్ రికార్డు, గైడ్ కరెక్షన్లు చేసిన థీసిస్ చాప్టర్లు, ఆయనతో నడిచిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చోమన్నాను. ల్యాబ్ రికార్డు తిరగేస్తుంటే ఒక పేజీ పక్కన మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో గైడ్ చేతిరాత కనిపించింది: "టూ గుడ్. చెక్ అగైన్." ఏమిటమ్మా ఇది అంటే, "అదా మేడమ్, అది పెద్ద విషయం కాదు, రీడింగ్స్ తప్పొచ్చాయి, మళ్లీ చేశాను" అంది.

అదే పెద్ద విషయం. ఆమె థీసిస్ నల్గొండ టెక్నిక్ మీద. తాగునీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతి అది, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది, నల్గొండ పేరే పెట్టారు. ఇందులో పటిక మోతాదు ఎక్కువ కావాలి, అందువల్ల శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం కొంత మిగిలిపోతుంది. పటిక తగ్గించి, దాని తర్వాత ఒక వడపోత దశ పెడితే ఏమవుతుందో ఈ అమ్మాయి చూస్తోంది. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి తెచ్చిన బోరు నీళ్ల మీద ప్రయోగం చేస్తే ఫ్లోరైడ్ లీటరుకి 0.4 మిల్లీగ్రాములకి దిగింది. తాగునీళ్లకి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 వరకు ఉండొచ్చు, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. 0.4 అంటే అద్భుతమైన ఫలితం. గైడ్ మార్జిన్‌లో ఆ నాలుగు ముక్కలు రాసి మీటింగ్‌కి వెళ్లిపోయారు.

తర్వాత జరిగింది మొత్తం ఈ అమ్మాయి సొంతంగా చేసింది. మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుని కూర్చుంటుంది, ఫ్లోరైడ్ కొలిచే మీటర్ ఎలక్ట్రోడేమో విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్లనే చూస్తుంది, కాబట్టి నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా మీటర్‌లో తక్కువ కనిపిస్తుంది. దీన్ని విడగొట్టడానికే శాంపిల్‌లో టిసాబ్ అనే బఫర్ కలుపుతారు, కానీ వాళ్ల ల్యాబ్‌లో తయారు చేసి పెట్టుకున్న బఫర్ అంత అల్యూమినియంని విడగొట్టే బలం ఉన్నది కాదు. ఆమె తెలిసిన మోతాదులో ఫ్లోరైడ్, అల్యూమినియం కలిపి ఒక ఉత్తుత్తి శాంపిల్ చేసి, మీటర్ ఎంత తక్కువ చూపిస్తోందో పట్టుకుంది, సీడీటీఏ (అల్యూమినియంని గట్టిగా పట్టుకునే రసాయనం) ఉన్న బఫర్ తెప్పించి, కలిపాక ఎక్కువసేపు ఆగి, శాంపిళ్లన్నీ మళ్లీ చదివింది. 0.4 కాస్తా 1.1 అయింది. థీసిస్‌లో 1.1 అనే రాసింది.

తన ఫలితం మరీ బాగుందని అనుమానపడి, తవ్వి చూసి, అంత గొప్పగా లేని ఫలితాన్ని నిజాయితీగా రాసుకున్న విద్యార్థి. ఏ పీహెచ్‌డీ గైడ్‌కైనా ఇంతకంటే ఏం కావాలి? దాన్ని ఆ అమ్మాయి "పెద్ద విషయం కాదు" అనుకుంది, ఆయన మర్చిపోయారు, టెంప్లేట్‌లో దానికి చోటే లేదు.

కాగితం మీద ఆ భాగం చివరికి ఇలా తయారైంది, ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"సార్, 2022 మార్చిలో బ్యాచ్ ప్రయోగంలో 0.4 రీడింగ్ వచ్చింది, మీరు రికార్డులో 'టూ గుడ్, చెక్ అగైన్' అని రాశారు (ఫొటో జత చేశాను). అల్యూమినియం అడ్డు వస్తోందని తెలిసిన శాంపిల్‌తో పరీక్షించాను, బఫర్ మార్చాను, మొత్తం సెట్ మళ్లీ చేశాను, 1.1 వచ్చింది. థీసిస్ 4వ చాప్టర్, అనుబంధం. అప్పుడు మీరు, ఈ చెక్ ఇకనుంచి ల్యాబ్‌లో అందరూ చేయాలన్నారు. నేను రాసిన పద్ధతి కాగితం మీటర్ పక్కన గోడకి అంటించి ఉంది."

విశేషణం ఒక్కటి కూడా లేదు చూడండి. నేను తెలివైనదాన్ని, ఓపికున్నదాన్ని అని ఎక్కడా లేదు. ఏం జరిగింది, ఎప్పుడు, మీరేమన్నారు, ఆధారం ఎక్కడుంది, అంతే. ఇది చదివాక "ఈమెకి శాస్త్రీయమైన నిజాయితీ ఉంది" అనాలో, "ఇది మామూలు విషయమే" అనాలో ఆయన ఇష్టం.

ఇంకో రెండు సంఘటనలు పెట్టాం. ఒకటి జూనియర్లకి ల్యాబ్ చెప్పినప్పటిది, చిన్నదే. రెండోది పెట్టడానికి ఆమె చాలా ఇబ్బంది పడింది, కానీ నేను పట్టుబట్టాను: థీసిస్ రెండో చాప్టర్ గైడ్ మూడుసార్లు వెనక్కి పంపారు, మొదటి డ్రాఫ్ట్ నిజంగానే బాగాలేదు, వేరేవాళ్ల పేపర్ల సారాంశాలన్నీ వరసగా పేర్చినట్టు ఉంది. చివరి డ్రాఫ్ట్‌లో ఆ పేపర్లని పక్కపక్కన పెట్టి ఎక్కడ విభేదిస్తున్నాయో చూపించింది. రెండు డ్రాఫ్టుల మొదటి పేజీలూ జత చేశాం. లోటు ఒకటి ఉండి, అది ఎలా తగ్గిందో గైడ్ చెప్పగలిగితే మిగతా మెచ్చుకోలుకి కూడా నమ్మకం వస్తుంది. చాలా పోర్టళ్ల ఫారాల్లో బలహీనత గురించి ప్రశ్న నేరుగానే ఉంటుంది, అక్కడ "నథింగ్" అని రాస్తే ఎవరూ నమ్మరు.

కాగితం అడుగున నాలుగు లైన్లు పోలికకి పనికొచ్చేవి: ఎంటెక్ బ్యాచ్‌లో ఎంతమంది, అందులో ఈమె స్థానం, ఆయన దగ్గర ఏ ఏ సబ్జెక్టులు చదివింది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా థీసిస్ చేసింది. పోర్టల్‌లో లెటర్‌తో పాటు ఒక పట్టిక కూడా నింపాలి, విశ్లేషణ శక్తి, సొంత ఆలోచన, రాత, మాట, పట్టుదల ఇలాంటివాటికి మొదటి 5 శాతంలో ఉందా, 10 శాతమా, 25 శాతమా అని. మనవాళ్లు అభిమానంతో అన్నిటికీ అన్నిటికంటే పై గడిలోనే టిక్ పెట్టేస్తారు, లెటర్లో ఉన్నదానికీ ఆ టిక్కులకీ పొంతన ఉండదు. "పరిశీలించే అవకాశం రాలేదు" అనే గడి కూడా ఉంటుందని, అది వాడితే తప్పేం లేదని కాగితం మీద ఒక లైన్ రాయించాను.

ఒక సంగతి మాత్రం ముందే తేల్చుకున్నాం. అల్యూమినియం సంఘటన ఎస్‌ఓపీలో రాయొద్దన్నాను. ఆమె రాస్తే సొంత డప్పు, ఆయన రాస్తే సాక్ష్యం. ఎస్‌ఓపీలో మర్రిగూడ ఊళ్లలో శాంపిళ్లు తీసిన అనుభవం, అక్కడి నుంచి పుట్టిన ప్రశ్న, ముందు ఏం చేయాలనుకుంటోంది అన్నవి రాసింది.

గైడ్ గదిలో

సార్ డ్రాఫ్ట్ తెమ్మన్నాక, లేకుండా వెళ్లడం అంటే ఆ అమ్మాయికి చచ్చేంత టెన్షన్. "మాట కాదన్నట్టు అవుతుంది కదా మేడమ్" అంటుంది. కాదనకుండా చెప్పే దారి ఉంది, మాటలు ముందే అనుకుని వెళ్లింది: "సార్, డ్రాఫ్ట్ నేను రాస్తే మూడు లెటర్లూ నా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి సార్, వాళ్లు ఇట్టే పట్టేస్తారట. మీకు పని తగ్గేలా కావాల్సినవన్నీ ఒక్క పేజీలో పెట్టుకొచ్చాను. మీకు వీలైనప్పుడు పదిహేను నిమిషాలు మీరు చెప్పింది ఎవరైనా టైప్ చేసినా చాలు సార్." సాయంత్రం క్లాసులు అయ్యాక, ఆయన టీ తాగే వేళ చూసి వెళ్లమన్నాను. ఏ వేళకి ఆయన కాస్త తీరిగ్గా ఉంటారో డిపార్ట్‌మెంట్ అటెండర్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆయన్నే అడిగి వెళ్లింది.

ఇంకో మాట కూడా అడగమన్నాను, ఇది చాలామంది అడగరు: "నా గురించి గట్టిగా రాయగలను అని మీకు అనిపిస్తేనే ఇవ్వండి సార్, లేకపోతే ఎవరిని అడగమంటారో చెప్పండి." మొహమాటానికి ఇచ్చిన చప్పటి లెటర్ కంటే మర్యాదగా వద్దనడం మేలు, ఆ దారి ఆయనకి తెరిచి ఉంచాలి.

ఆయన కాగితం తీసుకుని, చదివి, రికార్డు ఫొటో దగ్గర ఆగారట. ఆ తర్వాత ఆ బఫర్ గొడవ గురించి ఆయనే చెప్పడం మొదలుపెట్టారట, ఈమెకి కూడా గుర్తులేని ఒక ముక్కతో సహా: కొత్త కెమికల్ కొనడానికి ఇండెంట్ పెట్టమంటే, దానికి నెల పడుతుందని, ఈమె పక్క డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కి వెళ్లి అడిగి కొంచెం తెచ్చుకుందని. చూశారా, కాగితంలో లేనిది కూడా బయటికి వచ్చింది. డ్రాఫ్ట్ రాసిస్తే ఇది ఎప్పటికీ రాదు.

లెటర్ ఎలా తయారైందంటే, ఆయన నాక్ పని మీద హైదరాబాద్ వెళ్తూ కారులో కూర్చుని, తెలుగూ ఇంగ్లిషూ కలిపి వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అవి వెళ్లింది ఈ అమ్మాయికి కాదు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక స్కాలర్‌కి. ఆ స్కాలర్ టైప్ చేసి ఇస్తే, ఆయన రాత్రి ఇంట్లో కూర్చుని దిద్దుకున్నారు. ఈ అమ్మాయి ఆ లెటర్ చూడలేదు, నేనూ చూడలేదు. చూపిస్తానన్నా వద్దనమన్నాను.

అప్లికేషన్‌లో ఆ ప్రశ్న వస్తుంది కూడా, లెటర్ చూసే హక్కు వదులుకుంటావా అని. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం అక్కడ చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఉంటుంది, రికమెండేషన్ లెటర్లకి మాత్రం ఆ హక్కుని ముందే రాసిచ్చి వదులుకోవచ్చు. వదులుకోవాలనే బలవంతం లేదు, కానీ వదులుకుంటేనే లెటర్ రాసినవాళ్లు మనసులో మాట రాశారని చదివేవాళ్లు అనుకుంటారు. మన పిల్లలు హక్కు అనే మాట చూడగానే ఉంచుకుందాం అనుకుంటారు. ఈమె వదులుకుంది.

లింకులు, మెయిళ్లు, మిగతా తంటాలు

మొదట పది యూనివర్సిటీల లిస్టు తెచ్చింది. పది అంటే గైడ్‌కి పది లింకులు, పది పట్టికలు, కొన్నింట్లో అదనంగా చిన్న ప్రశ్నలు. ఇద్దరం కూర్చుని, ప్రొఫెసర్ల పని చూసి, ఆరుకి తగ్గించాం. ఒక్కో అప్లికేషన్ ఫీజు వంద డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, ఆ లెక్కన ఇంట్లోవాళ్లకీ భారం తగ్గింది.

అన్ని లింకులూ ఒకే రోజు ఉదయం పంపించేలా చూసుకున్నాం. చాలా పోర్టళ్లలో రికమెండర్ పేరు సేవ్ చేయగానే, అప్లికేషన్ సబ్మిట్ చేయకముందే, మెయిల్ వెళ్లిపోతుంది. కొన్నింట్లో మాత్రం ఫీజు కట్టి సబ్మిట్ చేశాకే వెళ్తుంది, అది ముందే చూసుకోకపోతే మనం డిసెంబర్ 14న సబ్మిట్ చేసి, సార్‌కి ఒక్క రోజు ఇచ్చినట్టవుతుంది. ఆ రకం వాటిని నవంబర్ మధ్యలోనే సబ్మిట్ చేయించాను. ఒకే రోజు వెళ్తే ఆయన ఒకసారి కూర్చుని అన్నీ పూర్తి చేస్తారు, రోజుకొకటి వెళ్తే ఏది అయింది ఏది కాలేదు అని ఎవరికీ గుర్తుండదు.

ఆ రోజు సాయంత్రం ఆమె ఆయనకి ఒక్క మెయిల్ పెట్టింది. అందులో ఒక పట్టిక: యూనివర్సిటీ పేరు, ప్రోగ్రాం, ఏ మెయిల్ ఐడీ నుంచి లింక్ వస్తుంది, సబ్జెక్టు లైన్ ఏముంటుంది, మన తేదీ ఏది. మన తేదీ అని ఎందుకన్నానంటే, అక్కడ ఈస్టర్న్ టైం ప్రకారం డిసెంబర్ 15 రాత్రి 11:59 అంటే మనకి 16వ తేదీ ఉదయం 10:29. ఇది చెప్పి సార్‌ని గందరగోళం చేయొద్దు, చివరి నిమిషం లెక్క మన దగ్గరే ఉంచుకోవాలి. ఆయనకి ఇచ్చిన తేదీ ఒకటే: నవంబర్ 25, శనివారం. పోలింగ్ వారానికి ముందు, మొదటి డెడ్‌లైన్‌కి దాదాపు వారం ముందు.

రెండు రోజులైనా ఒక్క లింక్ కూడా తెరవలేదు. పోర్టల్‌లో స్టేటస్ కనిపిస్తుంది కదా, ఈమె కంగారు. ఆయన్ని అడిగితే ఏమీ రాలేదమ్మా అన్నారు. స్పామ్‌లో కూడా లేవు. తీరా చూస్తే ఆయన అఫీషియల్ మెయిల్ ఇన్‌బాక్స్ నిండిపోయి ఉంది, నాక్ ఫైళ్లన్నీ అటాచ్‌మెంట్లుగా వచ్చి పడుతున్నాయి, కొత్త మెయిల్ ఏదీ లోపలికి రావడం లేదు. ఆ మాట విన్న వెంటనే ఇంట్లోవాళ్లు జీమెయిల్ ఇచ్చేయమన్నారు. ఒద్దన్నాను. యూనివర్సిటీ డొమైన్ ఉన్న మెయిల్ నుంచి వచ్చిన లెటర్‌కి ఉండే నమ్మకం జీమెయిల్‌కి ఉండదు, కొన్ని చోట్ల జీమెయిల్ ఇస్తే ఎందుకిచ్చారని అడుగుతారు కూడా. ఆ స్కాలరే సార్ పక్కన కూర్చుని, ఆయన చెప్తుంటే పాత ఫైళ్లు డ్రైవ్‌లోకి మార్చి ఖాళీ చేశాడు, ఈమె పోర్టళ్లలో లింక్ మళ్లీ పంపించే బటన్ నొక్కింది, ఆరూ వచ్చాయి.

లెటర్‌హెడ్ దగ్గర ఇంకో రోజు పోయింది. డిపార్ట్‌మెంట్‌లో ప్రింటు కొట్టించిన కాగితం లెటర్‌హెడ్ ఉంది కానీ సాఫ్ట్ కాపీ లేదు. ప్రింట్ తీసి, సంతకం, స్టాంపు వేసి స్కాన్ చేశారు, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టొద్దని మాత్రం చెప్పించాను, నీడలు పడ్డ ఫొటో పీడీఎఫ్ చేస్తే చదవడానికే కష్టం.

గుర్తు చేయడం గురించి అందరూ నన్ను అడిగేది ఎన్నిసార్లు చేయొచ్చు అని. వారానికి ఒక్కసారి, అదీ పాత మెయిల్ మీదే, కిందికి వెతుక్కోకుండా పట్టిక మళ్లీ అతికించి. "రిమైండర్ సార్" అని ఉత్తి మాట పంపితే ఆయన మళ్లీ పాతవి వెతకాలి. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లతో పరోక్షంగా గుర్తు చేయడం అసలు వద్దు. నవంబర్ 25 దాటాక మాత్రం ఈమె నేరుగా గదికి వెళ్లింది, ఎందుకంటే మర్నాటి నుంచి ఎన్నికల హడావుడి, ఆ తర్వాత ఎవరు ఎక్కడుంటారో తెలియదు. ఆయన 27వ తేదీ సోమవారం రాత్రి ఆరూ అప్‌లోడ్ చేశారు.

మిగతా ఇద్దరి గురించి క్లుప్తంగా చెప్తాను. ఒకరు మా కాలేజీలో బీటెక్ ప్రాజెక్ట్ చేయించిన మేడమ్, ఆవిడకి వేరే గుర్తుల కాగితం ఇచ్చాం, అందులో అల్యూమినియం మాటే లేదు, ఆవిడ చూసినవే ఉన్నాయి. ముగ్గురికీ ఒకే కాగితం ఇస్తే ముగ్గురూ ఒకే కథ చెప్తారు. ఇంకొకరు ఎంటెక్‌లో నీటి రసాయనశాస్త్రం చెప్పిన సార్, క్లాసులో తప్ప ఈమెతో పెద్దగా పరిచయం లేదు, ఆయన లెటర్ పలచగానే ఉండి ఉంటుంది. పెద్ద హోదా ఉందని ప్రిన్సిపాల్‌ని అడుగుదామని ఇంట్లో అన్నారు, ఆయన ఈమెని ఎన్నడూ చూడలేదు. పలచగా ఉన్నా ఆ సారే నయం.

జనవరి చివర్లో ఒక ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పిలిచారు. మాట్లాడుతూ మధ్యలో, మీ పటిక శాంపిళ్లలో ఫ్లోరైడ్ తక్కువ చూపించిన సంగతి మీ గైడ్ రాశారు, అది ఎలా కనిపెట్టావో చెప్పు అన్నారట. ఎస్‌ఓపీలో ఆ మాట లేదు కాబట్టి అది లెటర్ నుంచే వెళ్లింది. ఇరవై నిమిషాలు దాని మీదే నడిచిందట ఇంటర్వ్యూ, ఈమె తన చేతులతో చేసిన విషయం కాబట్టి భయం పోయి హాయిగా మాట్లాడింది. ఆరింటిలో రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది, ఆ ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్‌తో (చదువుతూ చేసే జీతం పని) సహా. మిగతా నాలుగూ రిజెక్ట్. సీటు లెటర్ వల్లే వచ్చిందని నేను అనను, మార్కులు, థీసిస్, ఆ ప్రొఫెసర్‌కి ఆ ఏడాది ఫండింగ్ ఉండటం, అన్నీ కలిశాయి.

ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కి అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువు ఇస్తాయి. ఆ లోపే ఈమె ముగ్గురికీ విడివిడిగా ఫలితం చెప్పింది, వచ్చినవీ రానివీ రెండూ, ఇన్‌స్టాలో పెట్టడానికి ముందే. ఒక్క చోటా రాకపోయినా చెప్పి తీరాలి, ఎందుకంటే మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేయాల్సి వస్తే అడగాల్సింది వాళ్లనే, లెటర్ ఫైల్ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది, అందులో ఏడాది పాటు కొత్తగా చేసిన పని ఒక పేరా చేర్చమంటే చాలు. గుర్తుల కాగితం కూడా అందుకే దాచుకోమంటాను. ఇప్పుడు థీసిస్ రాస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గైడ్ మీ రికార్డు మార్జిన్‌లో రాసిన ప్రతి మాటనీ ఈ వారమే ఫొటో తీసి పెట్టుకోండి, సబ్మిషన్ అయ్యాక చాలా ల్యాబ్‌లలో ఆ రికార్డులు బీరువాలోకి వెళ్లిపోతాయి, మళ్లీ చేతికి రావడం కష్టం.